పది కొత్త కంప్యూటర్లు ఎవరి కోసం?



తిరుత్తణి చదువుల గదికి పది కొత్త కంప్యూటర్లు కొనాలని తీర్మానం పెట్టారు. నేను ఒప్పుకోను. పిసినారి అనుకున్నా ఫరవాలేదు.

ఉన్నవాటికి ఏమైంది? మానిటర్లు వెలుగుతున్నాయి, కీబోర్డులు బాగున్నాయి. పోయినవి హార్డ్ డిస్కులు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది, ఈ పాతవాటిలో 11 ఎక్కదు. కంపెనీ చేతులు దులుపుకుంటే మనం డబ్బాలు పారేయాలా?

దీనికి 1999 నుంచీ ఒక దారి ఉంది: లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు, పొట్టిగా ఎల్‌టీఎస్‌పీ. గదిలో ఒక్క మంచి కంప్యూటర్ సర్వర్‌గా ఉంటే చాలు, మిగతావాటికి హార్డ్ డిస్కే అక్కర్లేదు. స్విచ్ వేయగానే నెట్‌వర్క్ కార్డు కేబుల్ మీదుగా సర్వర్‌ను అడుగుతుంది, నా అడ్రసేమిటి, ఏం లోడ్ చేసుకోవాలి అని. సర్వర్ లైనక్స్ పంపిస్తుంది. పిల్లవాడు ఏ సీట్లో కూర్చుని లాగిన్ అయినా తన ఫైళ్లే వస్తాయి. ర్యామ్ బొత్తిగా తక్కువుంటే ప్రోగ్రాములు సర్వర్లోనే నడిపి, తెర మాత్రం ఇక్కడ చూపించవచ్చు. పూర్తిగా చచ్చిన సీపీయూ బదులు అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై 4 పెడదాం. అది తినేది ఐదారు వాట్లు. పది కలిపినా దాదాపు ఒక్క పాత సీపీయూ తినేంతే. ఈబీ బిల్లు కట్టేది మనమే కదా!

"విండోస్ రాకపోతే ఉద్యోగాలెలా?" అని ఒక అన్నగారు అడిగారు. కేరళ ప్రభుత్వ హైస్కూళ్లలో పిల్లలు ఎన్నో ఏళ్లుగా లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన ఎల్కాట్‌లోనే ఉమాశంకర్ గారు ఎండీగా ఉన్నప్పుడు కంప్యూటర్లను లైనక్సుకు మార్చారు. అవి థిన్ క్లయింట్లు కావు, నిజమే. కానీ లైనక్స్ నేర్చినవాడికి పని దొరకదన్న భయం పోవడానికి అవి చాలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం తెలుగు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇదీ మన పిల్లల సంగతి. తెలుగు కీబోర్డు, ఫాంట్లు సర్వర్లో ఒక్కసారి ఎక్కిస్తే పది సీట్లకూ వచ్చేస్తాయి. ఒకరి లాగిన్‌లో మెనూలు తెలుగులో, పక్కవారికి తమిళంలో పెట్టుకోవచ్చు. ఇప్పుడేమో ఒక్కో డబ్బాకూ విడిగా ఎక్కించాలి. తిరువళ్లూరు నుంచి అరక్కోణం మీదుగా ట్రైన్‌లో వచ్చి ఆ పని చేసేవాణ్ణి నేనే. సగం ముగిసేలోపు ఇంకో మెషీన్ పడుకుంటుంది.

లోటు దాచను. సర్వర్ పోతే పది తెరలూ నల్లబడతాయి. అందుకే దాని డిస్కుకు ఒక నకలు బీరువాలో ఉండాలి, యూపీఎస్ దానికి తప్పనిసరి. వైఫైని నమ్ముకోవద్దు, కేబుళ్లు, ఒక గిగాబిట్ స్విచ్ కొనాల్సిందే.

ఆదివారం మీటింగుకు సర్వర్ నేను మోసుకొస్తాను. ఏవైనా రెండు పాత సీపీయూల హార్డ్ డిస్కులు మీ చేత్తోనే పీకి ఉంచండి. అవి తెరుచుకోకపోతే కొనుగోలు తీర్మానం మీద మొదటి సంతకం నాదే.