‘టీకా ఉందిగా’ అనేవాళ్ళకు

మా వీధి చివర సెంట్రింగ్ పని చేసే ఒకాయన ఉన్నాడు. శామీర్‌పేట పక్క పల్లె. దుబాయి పోదామని ఏజెంటుకు డబ్బు కట్టాడు, పాస్‌పోర్టు తీసుకున్నాడు, గల్ఫ్ మెడికల్‌కు పోయాడు. ‘అన్‌ఫిట్’ అని తేల్చారు. ఎందుకని అడిగితే ‘నీకు పసిరికలున్నయి’ అన్నారట. మనిషి కళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఆకలి బాగుంది. ఇనుప చువ్వల కట్ట భుజాన వేసుకొని మూడో అంతస్తు ఎక్కుతాడు. మడతలు పడ్డ ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్. హెపటైటిస్ బి.

నాకు తెలిసినంత చెప్పాను. ఇవి వచ్చిపోయే కామెర్లు కావు, వైరస్ కాలేయంలో ఉండిపోయింది, పసరు మందుకు పోవద్దు, చేతికి వాతలు పెట్టించుకోవద్దు, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి, ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాలి అని. పూర్తిగా పోయే మందు మాత్రం ఇంకా రాలేదని కూడా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు. “దీని టీకా మన మేడ్చల్‌లనే జేసిన్రంట గద సార్. మరి మందెందుకు జెయ్యలే?”

ఈ ప్రశ్న చదువుకున్నవాళ్ళు వేయరు. వాళ్ళ దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. హెపటైటిస్ బి సంగతి ఎప్పుడో తేలిపోయిందని, టీకా ఉంది కాబట్టి ఇక దాని పరిశోధనకు సర్కారు డబ్బు దండగని, ఆ టీకాను కూడా సర్కారు కాదు, ఒక ప్రైవేటు మనిషి పట్టుదల తెచ్చిందని. సభల్లో విన్నాను, పత్రికల్లో చదివాను, స్నేహితులతో వాదించాను. ఈ మూడు మాటలూ తప్పు. మూడోది మన ఊరి కథను సగం నరికి చెప్పడం కూడా, అందుకే దానితోనే మొదలుపెడతాను.

కె.ఐ. వరప్రసాదరెడ్డి గారి మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. తెలుగు పాఠకులకు ఆయన ‘హాసం’ పత్రిక మనిషిగా కూడా తెలుసు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1990ల మొదట్లో హెపటైటిస్ బి టీకా సాంకేతికత కొందామని వెళ్తే విదేశీ సంస్థ చులకనగా మాట్లాడి పంపింది. ఆ పౌరుషంతో 1993లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997 ఆగస్టులో షాన్‌వ్యాక్-బి తెచ్చారు. అప్పటిదాకా దిగుమతి టీకా ఒక్కో డోసు వందల రూపాయలు. ఇది యాభై రూపాయల చిల్లరకు వచ్చింది. మరుసటి ఏడాదికే శామీర్‌పేట వైపు నుంచి భారత్ బయోటెక్ టీకా కూడా తోడైంది. ఇందులో ఒక్క అక్షరం కూడా తక్కువ చేసి చెప్పను.

అయితే ఆ టీకా పురుడు పోసుకున్నది ఎక్కడ? మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం మైక్రోబయాలజీ విభాగంలో చోటు దొరికింది. తర్వాత హబ్సీగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ తన గదులు, యంత్రాలు ఇచ్చింది. రెండూ జనం డబ్బుతో నడిచేవే. తయారీకి అప్పిచ్చినవాళ్ళలో కేంద్రం పెట్టిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఉంది. ఆ బోర్డుకు డబ్బు వచ్చిన దారి కూడా తెలుసుకోవాలి. మన కంపెనీలు విదేశీ సాంకేతికత కొన్నప్పుడల్లా చెల్లించిన డబ్బు మీద 1986 చట్టం కింద ఒక సెస్సు వేసేవారు. బయట కొన్నవాళ్ళ దగ్గర వసూలు చేసి, ఇక్కడ చేసేవాళ్ళ చేతిలో పెట్టడం దాని ఉద్దేశం. 2017లో ఆ సెస్సు ఎత్తేశారు. కాబట్టి పట్టుదల వరప్రసాదరెడ్డి గారిది, ఒమన్ నుంచి వచ్చిన పెట్టుబడి సాయం నిజం, కానీ కాళ్ళ కింద నేల మాత్రం సర్కారుది. ఆ నేలను మరిచి ‘ప్రైవేటు వాళ్ళే చేసుకుంటారు’ అంటే, చెట్టును చూసి చెరువును పూడ్చమన్నట్టు.

మరో సంగతి. 1997లో తయారైన టీకా దేశంలోని ప్రతి బిడ్డకూ సర్కారు టీకాగా అందింది 2011లో. మధ్యలో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో పరీక్షగా ఇచ్చారు, 2007-08లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం సహా పది రాష్ట్రాలకు పెంచారు. ఇన్నేళ్ళు పట్టింది. ఆలోగా పుట్టినవాళ్ళ మాటేమిటి? ఈ వైరస్ పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. తల్లి నుంచి పురిట్లో సోకితే నూటికి తొంభై మందిలో జన్మంతా ఉండిపోతుంది. సోకినవాడికి టీకా పనికిరాదు. మా సెంట్రింగ్ ఆయన 1980ల్లో పుట్టాడు. ఆయన విషయంలో ‘టీకా ఉందిగా’ అనే మాటకు అర్థమే లేదు.

ఆయనలాంటివాళ్ళు ఎందరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు 2 కోట్ల 98 లక్షలు. 2011 జనగణనలో తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. అంటే ఒక రాష్ట్రానికి కాస్త తక్కువ. హెపటైటిస్ సి మరో 55 లక్షలు. రెండూ కలిపితే చైనా తర్వాత మనమే. హెపటైటిస్ బి ఉందని తెలిసినవాళ్ళు ఇక్కడ నూటికి ముగ్గురు కూడా లేరు. మిగతావాళ్ళు రక్తదానానికో, ఆపరేషన్‌కో, గల్ఫ్ మెడికల్‌కో పోయినప్పుడు తెలుసుకుంటారు. లేదా కడుపులో నీరు చేరి, కాలేయం గట్టిపడి, అక్కడ గడ్డ పుట్టాక తెలుసుకుంటారు. ప్రపంచం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలో హెపటైటిస్ బి వల్ల పోయిన ప్రాణాలు 11 లక్షలు. అదే ఏడాది ఎయిడ్స్ మరణాలు 6 లక్షల 30 వేలు.

ఇప్పుడు డబ్బు చూద్దాం. ఏ రోగం మీద ఎంత పరిశోధన చేయిస్తున్నదో పద్దు విప్పి చూపే సంస్థ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్. హెచ్ఐవీకి ఏటా దాదాపు 300 కోట్ల డాలర్లు. హెపటైటిస్ బికి 10 కోట్ల డాలర్లు కూడా ఉండదు. అమెరికాలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళు పన్నెండు లక్షలు, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు ఎనిమిది, తొమ్మిది లక్షలు. రోగుల సంఖ్యలో తేడా అంతే, డబ్బులో తేడా ముప్పై రెట్ల పైమాట. హెచ్ఐవీకి తగ్గించమని నేను అనడం లేదు. ఆ డబ్బు ఊరికే రాలేదు, రోగులు వీధిలోకి వచ్చి, ఆఫీసుల ముందు పడుకొని సాధించుకున్నది. ఆ పోరాటం ఫలితం మనమూ తింటున్నాం. ఇవాళ హెపటైటిస్ బి రోగి రోజూ మింగే టెనోఫోవిర్ 2001లో హెచ్ఐవీకి వచ్చిన మందు, హెపటైటిస్‌కు అనుమతి 2008లో. అంతకుముందరి లామివుడిన్ కూడా అంతే. వేరేవాళ్ళ కోసం వండిన అన్నం మన విస్తట్లో పడితే కడుపు నిండింది. మన పేరున పొయ్యి వెలిగించినవాళ్ళు తక్కువ.

రోగుల లెక్క ఒక్కటే చూసి డబ్బు పంచకూడదని, ఎక్కడ శాస్త్రం ముందుకు పోయే వీలుందో అక్కడ పెట్టాలని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఇది గట్టి వాదన, తేలిగ్గా తోసేయను. హెపటైటిస్ బి నిజంగానే మొండిది. వైరస్ తన జన్యుపత్రాన్ని కాలేయకణం కేంద్రకంలో దాచుకుంటుంది. మందు జిరాక్స్ కాపీలను ఆపుతుంది, అసలు దస్తావేజు బీరువాలోనే ఉంటుంది. అందుకే మందు ఏళ్ళ తరబడి, చాలామందికి జీవితాంతం. అయితే ‘వీలు’ అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. హెపటైటిస్ సిని చూడండి. వైరస్ దొరికింది 1989లో. 1999లో జర్మనీలో దాని జన్యుపదార్థం ప్రయోగశాలలోని కణాల్లో నకళ్ళు తీసుకునేలా చేసే పద్ధతి దొరికింది. 2013లో సోఫోస్‌బువిర్ వచ్చింది, తోడు మందులతో కలిపి పన్నెండు వారాల్లో నూటికి తొంభై మందికి పైగా నయం. ఇరవై నాలుగేళ్ళ పని. హెపటైటిస్ బి ఆనవాలు బరూచ్ బ్లంబర్గ్‌కు దొరికింది 1965లో. ఆ వైరస్ కాలేయకణంలోకి ఏ తలుపు గుండా దూరుతుందో తెలిసింది 2012లో, బీజింగ్‌లో. తలుపు కనుక్కోవడానికే 47 ఏళ్ళు పట్టింది. కష్టమైన రోగమని తక్కువ డబ్బు పెట్టి, తక్కువ ఫలితం వచ్చిందని ఇంకా తగ్గిస్తే అది ఎప్పటికీ కష్టంగానే ఉంటుంది.

శామీర్‌పేట వైపు రండి. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వంద ఎకరాలకు పైగా స్థలంలో జాతీయ జంతు వనరుల కేంద్రం పెట్టింది. దీనికీ మన కథకూ సంబంధం ఉంది. మామూలు ఎలుకకు హెపటైటిస్ బి సోకదు, మనిషి కాలేయంలో ఉన్న ఆ తలుపు దానికి లేదు. నయం చేసే మందు పరీక్షించాలంటే మనిషి కాలేయకణాలు ఎక్కించిన ఎలుకలో, జన్యువులు మార్చిన ఎలుకలో కావాలి. పెంచడం ఖర్చు, కాపాడటం కష్టం. ఒక చిన్న కంపెనీ సొంతంగా చేయలేని పని, సరిగ్గా సర్కారు చేయవలసిన పని. చోటు ఉంది, చుట్టూ టీకాల కంపెనీలున్నాయి, నగరంలోనే సీసీఎంబీ ఉంది. హెపటైటిస్ బి నయం చేయడమే పనిగా పేరు పెట్టి, ఏళ్ళ పాటు ఆగకుండా వచ్చే నిధి కావాలి.

సర్కారు తలుచుకుంటే ఏమవుతుందో మన కళ్ళ ముందే జరిగింది. 2020 నవంబరులో కోవిడ్ టీకాల కోసం కేంద్రం 900 కోట్లు ప్రకటించింది. 2021 జూన్‌లో హైదరాబాదు కంపెనీ బయోలాజికల్-ఇకి 30 కోట్ల డోసులకు 1500 కోట్లు ముందుగానే ఇస్తామంది. అదే ఏడాది డిసెంబరులో వాళ్ళ టీకా కోర్బెవ్యాక్స్‌కు అనుమతి వచ్చింది. దాన్ని ఈస్టులో చేశారు, హెపటైటిస్ బి టీకా చేసిన పద్ధతిలోనే. 1990ల్లో ఈ ఊళ్ళు నేర్చుకున్న విద్య 2021లో అక్కరకొచ్చింది. అలాంటి విద్యకు మూలమైన రోగాన్నే ‘అయిపోయిన సంగతి’ అని పక్కన పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

తలుచుకోకపోతే ఏమవుతుందో హెపటైటిస్ ఇ చెబుతుంది. మురికినీటితో వచ్చే ఈ జబ్బు 1955-56లో ఢిల్లీలో 29 వేల మందికి కామెర్లు తెచ్చింది. గర్భిణులను ఎక్కువగా చంపుతుంది. దీనికి టీకా చేసింది చైనా, షియామెన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి 2011లో అనుమతి ఇచ్చింది. ప్రతి వానాకాలం తాగునీటి పైపుల్లో మురుగు కలిసే మన నగరాల నుంచి అది రాలేదు.

ప్రైవేటు వాళ్ళే తెస్తారనేవాళ్ళు సోఫోస్‌బువిర్ ధర గుర్తు చేసుకోవాలి. అమెరికాలో ఒక కోర్సు 84 వేల డాలర్లకు పెట్టారు. హెటిరో, నాట్కో వంటి మన హైదరాబాదు కంపెనీలకు లైసెన్సు దొరికాకే ఇక్కడ పేదవాడికి అందింది. రేపు హెపటైటిస్ బిని నయం చేసే మందు బయట దేశంలో పుడితే మళ్ళీ 1990ల నాటి వరుసలో, అదే ధర ముందు నిలబడతాం. 2009లో శాంతా కూడా ఫ్రెంచి కంపెనీ సనోఫీ చేతికి పోయిందని మరవకూడదు. కంపెనీ చేతులు మారుతుంది, అది కంపెనీల స్వభావం. ఉస్మానియా, సీసీఎంబీ, ఐసీఎంఆర్ మారవు.

2025-26 బడ్జెట్‌లో కేంద్ర ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్లు. అందులో ఆరోగ్య పరిశోధన విభాగానికి 3,900 కోట్లు, నూటికి నాలుగు రూపాయలు. ఐసీఎంఆర్‌కు పోయేది ఒక్క ముద్దగా రాస్తారు. అందులో కాలేయానికి ఎంత, క్షయకు ఎంత, క్యాన్సర్‌కు ఎంత అని పద్దు విడదీయరు. ఎన్ఐహెచ్ 2008 నుంచి ఏటా రోగాల వారీ లెక్క ప్రజల ముందు పెడుతున్నది. మనమూ పెట్టాలి. జులై 28 ప్రపంచ హెపటైటిస్ దినం, మన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలైన తేదీ కూడా. ఆ రోజు ఫ్లెక్సీలు, ర్యాలీలు చాలు. ప్రతి రోగానికీ ఎంత భారం, ఎంత పరిశోధన అని పక్కపక్కనే అచ్చువేసిన ఒక పట్టిక విడుదల చేయండి.

మేడ్చల్, శామీర్‌పేట మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలోకి వస్తాయి. ఇక్కడి పార్లమెంటు సభ్యుడికి నా విన్నపం: ఈ లెక్క సభలో అడగండి. చదువరులకు ఒక మాట: 2011కు ముందు పుట్టినవాళ్ళు, టీకా వేయించుకున్నట్టు గుర్తులేనివాళ్ళు, ఒకసారి హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోండి. సెంట్రింగ్ ఆయన పిల్లలిద్దరికీ పుట్టినప్పుడే టీకా పడింది, పరీక్షలో ఏమీ రాలేదు. భార్యకు ఇప్పుడు మూడు డోసులు వేయిస్తున్నారు. ఆయన ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు, స్కానింగుకు పోతున్నాడు.