పెద్ద బండికి పది శాతం తగ్గింది, ఆటోకి అదే పాత వ్యాట్

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు టీవీల్లో అందరూ చిన్న కార్ల సంగతే చెప్పారు. చిన్న కార్లు తగ్గిన మాట నిజమే. అదే రోజు కోటి రూపాయల ఎస్‌యూవీలు కూడా తగ్గాయి. బీచ్ రోడ్డు మీద తిరిగే డిఫెండర్లతో, జీఎల్ఎస్‌లతో మనకేటి పని అనుకుంటాం. పని ఉంది. లెక్క వేసి చూద్దాం రండి.

ముందు ఇంజిను సంగతి. పిస్టన్లు ఆడే జాగా ఎంతుందో చెప్పేదే సీసీ. మనలాంటోళ్ల చిన్న కారుకి 1,000 నుంచి 1,200 సీసీ ఉంటాది. ఫార్చ్యూనర్ డీజిల్‌కి 2,755. మెర్సిడెస్ జీఎల్ఎస్, బీఎండబ్ల్యూ ఎక్స్7 డీజిల్ బళ్లకి ఇంచుమించు 3,000, ఆరు సిలిండర్లు. లంబోర్గిని ఉరుస్‌కి 4,000 దగ్గర, ఎనిమిది సిలిండర్లు. బండి బరువే రెండు టన్నుల పైన. అంత బరువుని గాజువాక ట్రాఫిక్‌లో నిమిషానికోసారి ఆపి మళ్లీ లాగాలంటే ఆయిల్ తాగదా మరి? సింహాచలం ఘాట్ ఎక్కితే ఇంకా తాగుతాది.

ఇప్పుడు పన్ను. పాత లెక్కలో ఇంజిను 1,500 సీసీ దాటి, పొడవు నాలుగు మీటర్లు దాటి, కింద ఎత్తు 170 మిల్లీమీటర్లున్న ఎస్‌యూవీకి 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు. మొత్తం 50. పొడవు ఎక్కువున్నా ఇంజిను 1,500 లోపే ఉంటే 45. కొత్త లెక్కలో సెస్సు తీసేసి అన్నింటికీ ఒకటే 40 చేశారు. నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోలు ఇంజిను 1,200, డీజిల్ ఇంజిను 1,500 దాటని చిన్న కార్లకి 18.

మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సెల్టోస్ ఇంజిను 1,500 లోపే. దానికి 45 నుంచి 40 అయింది, అంటే 5 తగ్గింది. డిఫెండర్‌కి 50 నుంచి 40, అంటే 10 తగ్గింది. పెద్ద ఇంజినుకి పెద్ద తగ్గింపు!

రూపాయల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుద్ది. పన్ను లేకుండా 80 లక్షల బండి అనుకుందాం. పాత పన్ను 40 లక్షలు, కొత్తది 32 లక్షలు. 8 లక్షలు మిగిలాయి. అదే పన్ను లేకుండా 6 లక్షల చిన్న పెట్రోలు కారైతే 29 శాతం నుంచి 18కి దిగింది, 66 వేలు మిగిలాయి. ఆ కారు ఇప్పుడు పన్నుతో కలిపి 7 లక్షల 8 వేలు. అంటే పెద్దాయనకి మిగిలిన డబ్బుతో చిన్నాయన కారే కొనేయొచ్చు.

"కొన్నోడు 32 లక్షలు పన్ను కడతన్నాడు కదా, నీకేటి బాధ?" అని అడగొచ్చు. కడతన్నాడు, పైన లైఫ్ టాక్సు కూడా కడతాడు. నా ప్రశ్న వేరే. తగ్గించాలనుకున్నప్పుడు ఎవరికి ముందు తగ్గించాలి? పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు. వాటి మీద మన రాష్ట్రం వేసే వ్యాట్ పెట్రోలుకి 31 శాతం, డీజిల్‌కి 22.25 శాతం. ఆపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. మల్కాపురంలో రిఫైనరీ 1957 నుంచి నడుస్తోంది. ఆ పొగ పీల్చేది మనం. అయినా దేశంలో పెట్రోలు ఎక్కువ ధర పలికే రాష్ట్రాల్లో మనదొకటి.

లెక్క కోసం పెట్రోలు 108, డీజిల్ 96 అనుకుందాం. 3,000 సీసీ డీజిల్ ఎస్‌యూవీ ఊళ్లో లీటరుకి 8 కిలోమీటర్లు ఇచ్చి, నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 125 లీటర్లు, 12 వేల రూపాయలు. అందులో రాష్ట్రానికి పోయేది సుమారు 2,700. ఇప్పుడు కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంటు డ్యూటీ వాళ్లని ఎక్కించుకునే పెట్రోలు ఆటో. రోజుకి వంద కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు, లీటరుకి 30 ఇస్తాదనుకున్నా 83 లీటర్లు. రాష్ట్రానికి పోయేది సుమారు 2,400.

చూశారా? కోటి రూపాయల బండి ఓనరూ, కిస్తీల మీద ఆటో తోలేవాడూ నెలనెలా ఆయిల్ మీద కట్టేది ఇంచుమించు ఒకటే. ఒకాయనది సరదా, ఇంకొకాయనది బతుకు.

2025 అక్టోబరులో 'ఆటో డ్రైవర్ల సేవలో' అని 15 వేలు ఇచ్చారు. మంచిదే. కానీ నెలకి 2,400 చొప్పున ఏడాదికి వాడు కట్టే వ్యాట్ 29 వేల దగ్గర. కుడి చేత్తో తీసుకున్న దాంట్లో సగం ఎడం చేత్తో ఇచ్చినట్టు.

పెద్ద బండికి ఇంకో దారి ఉంది. వ్యాపారం కోసమని కంపెనీ పేరు మీద కొంటే ఏటా 15 శాతం అరుగుదల ఖర్చు కింద రాసుకోవచ్చు. ఆయిలు, టైర్లు, సర్వీసు, అప్పు మీద వడ్డీ అన్నీ ఖర్చే. అంత లాభం తగ్గి, అంత ఆదాయపు పన్ను తగ్గుద్ది. అంటే ఆ బండి నడవడానికి ఖజానా కూడా ఓ చెయ్యి వేస్తోందన్నమాట. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా అంతే. 2022లో పెట్టిన రేటు ప్రకారం 1,500 సీసీ దాటిన ప్రైవేటు కారుకి 7,897 రూపాయలు. ఇంజిను 1,600 అయినా 4,000 అయినా అదే రేటు.

అసలు సీసీతో లగ్జరీని కొలవడమే పాతబడిపోయింది. వోల్వో ఎక్స్‌సీ90 పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ, దాని ఇంజిను 1,969 సీసీయే. ఎలక్ట్రిక్ బండికి సీసీయే లేదు, జీఎస్టీ 5 శాతం. కోటి దాటిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి 5, ఆరు లక్షల పెట్రోలు కారుకి 18! పొగ తగ్గాలన్నది సరే. ఆ రాయితీ బస్సుకీ ఆటోకీ ముందు గట్టిగా అందాలి కదా.

నేను చెప్పేది పెద్ద బళ్లు కొనొద్దని కాదు. కొత్త పన్నుని సీసీ గీతతో ఆపకుండా ధర, బరువు చూసి మెట్లు మెట్లుగా వెయ్యండి. వచ్చిన దాంతో ఆటోవాడి ఆయిల్ భారం దించండి. పద్ధతి తెలీదనడానికి లేదు. వేటకెళ్లే బోట్లకి డీజిల్ మీద లీటరుకి 9 రూపాయలు రాయితీ ఇచ్చింది ఈ రాష్ట్రమే. హార్బర్లో చెయ్యగలిగింది ఆటో స్టాండులో ఎందుకు చెయ్యలేరు? మన ఎమ్మెల్యేలు ఎక్కి తిరిగే బళ్లు ఏవో మనకి తెలుసు. ఈసారి ఓటడగడానికి వస్తే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టి అడగండి.