మసక గదిలో పచ్చ తివాచీ

ఈ వారం ఉత్తరాల కట్టలో నల్లమాడ నుంచి ఒక చెల్లెలు రాసినది చదివి కాసేపు నవ్వుకున్నాను, కాసేపు ఆలోచనలో పడ్డాను. మరిది బెంగుళూరులో ఇల్లు మారుతూ రెండడుగుల గాజు తొట్టి ఒకటి తెచ్చి వీళ్ళింట్లో పెట్టి వెళ్ళాడట. పిల్లలకు పండగే పండగ! బొమ్మల్లో చూపించినట్టు అడుగున పచ్చిక పరుచుకునే మొక్కలు పెంచాలని ఈవిడ సరదా. వాళ్ళది పాత మిద్దె. ముందుగదికి ఉన్నది ఒకే కిటికీ, అదీ పక్కింటి గోడకు ఎదురుగా. డబ్బు పోసి తెప్పించిన మొక్క మూడు వారాల్లో పాలకూర ఉడికినట్టు కరిగిపోయింది. దానికి తోడు అత్తగారు రోజూ ఒకటే మాట: "తాగేకి నీళ్ళు లేవంటే చేపలకు పోస్తాండావా?" "అక్కయ్యా, తొట్టి ఎవరికైనా ఇచ్చేయమంటారా?" అని అడిగింది.

ముందు అత్తగారి మాటకే జవాబు చెప్పుకుందాం. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే సీమలో బిందె కోసం ఎదురుచూసిన చేతులవి. కాబట్టి లెక్క చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో మన్ను, ఇసుక, పైన వదిలే ఖాళీ పోను 40 లీటర్లు పడతాయి. అంటే మూడు బిందెలు, అదీ ఒక్కసారే. ఆ తర్వాత వారానికి ఒక చిన్న బకెట్టు, ఎనిమిది లీటర్లు తీసి అన్నే కొత్తవి పోయాలి. తీసినవి పారబోసే నీళ్ళు కావు. చేపల మలం కలిసిన ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకీ, మల్లె పాదుకీ మంచి ఎరువు. ఎలాగూ ఆ చెట్లకు పోసేవే కదా, మధ్యలో ఒక వారం తొట్టిలో ఉండి వెళ్తున్నాయి. అచ్చంగా పోయేది ఆవిరయ్యేదే. పైన గాజు మూత పెడితే అదీ తగ్గుతుంది. ఈ లెక్క అత్తగారికి చెప్పి చూడండి.

ఇక మొక్క ఎందుకు కరిగిందీ అంటే, అంగళ్ళలో చూపించే ఆ మెత్తటి పచ్చికలు, గ్లోసోస్టిగ్మా, క్యూబా నుంచి వచ్చిన ఆవగింజంత ఆకుల మొక్క వగైరా, అన్నీ వెలుతురుకు అలవాటు పడ్డ జాతులు. వాటికి నెత్తిన పెద్ద దీపాలు, సిలిండరుతో బొగ్గుపులుసు వాయువు కావాలి. వెలుతురు చాలకపోతే కొన్ని పక్కకు పాకడం మానేసి పైకి సాగుతాయి, కొన్ని కుళ్ళిపోతాయి. నేనూ ఒకసారి ఇలాగే అంగడివాడు "ఏ వెలుతురైనా పరవాలేదు" అన్నాడని కొని, నెల తిరక్కుండా సమాధి చేశాను. చిత్రమేమిటంటే, నీరసంగా ఉందని ఎరువు వేస్తే మొక్క బాగుపడదు, పాచి బలుస్తుంది. వెలుతురు తక్కువైన చోట మొక్క తినేదీ తక్కువే.

మరి ఏది పెంచాలి? మీ చెరువు ఒడ్డునే ఉందమ్మా. నాలుగు రేకులు ఒక కాడకు ప్లస్ గుర్తులా అమరి, బురదలో తీగలా పాకే మొక్క. చిక్లింతకూర అంటారు, మీ వైపు ఇంకో పేరు ఉండొచ్చు. శాస్త్రంలో మార్సీలియా. పువ్వూ కాయా లేని ఫెర్న్ జాతి. విజయనగర రాజుల కాలం నాటి బుక్కపట్నం చెరువు మీకు దగ్గరే. నీళ్ళున్న ఏడు ఒడ్డున వెతకండి. దొరక్కపోతే ఏ వరిమడి గట్టునైనా చూడండి. పులిచింతాకుతో పొరబడకండి. దానికి మూడే రేకులు, కొరికితే పులుపు. అది నీళ్ళలో బతకదు.

తెచ్చిన తీగను నేరుగా తొట్టిలో వేయకండి. కడిగి, ఒక బకెట్టులో రెండు వారాలు విడిగా ఉంచితే నత్తలూ పురుగులూ ఉంటే బయటపడతాయి. ఈలోగా తొట్టి సిద్ధం చేసుకోవచ్చు. పెరట్లో ఎరువూ మందూ పడని ఎర్రమన్ను తీసుకోండి. శనక్కాయ చేలో మన్ను వద్దు, డీఏపీ ఉంటుంది. పేడ అసలే వద్దు. నానబెట్టి, పైకి తేలిన చెత్త తీసేసి అంగుళం మందాన పరచండి. దానిమీద బాగా కడిగిన ముతక ఇసుక అంగుళంన్నర. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ 1999లో వచ్చిన తన పుస్తకంలో ఈ మన్ను పద్ధతినే వివరించింది. గ్యాసు సిలిండర్ల గోల లేకుండా తొట్టి నడపవచ్చని చాలామందికి ధైర్యం వచ్చింది దాంతోనే. ఇసుకలో సున్నపురాళ్ళు ఉన్నాయేమో చూడాలంటే రెండు చుక్కల నిమ్మరసం వేయండి. బుస్సుమని పొంగితే ఆ ఇసుక వద్దు. మీ బోరునీళ్ళలో ఉప్పదనం చాలదా, ఇంకా ఎందుకు!

నాటడానికి కనుబొమలు తీసుకునే ప్లక్కరు కన్నా మంచి పనిముట్టు లేదు. తీగను వేరుతో సహా అంగుళం ముక్కలు చేసి, రెండంగుళాల ఎడంతో ఇసుకలోకి దించండి. ఇసుక మీద పళ్ళెం పెట్టి దానిమీద నీళ్ళు మెల్లగా పోయండి. కుళాయి నీళ్ళయితే ముందురోజే పట్టి ఉంచుకోవాలి, క్లోరిన్ పోతుంది. నీళ్ళు పది అంగుళాలు మించనివ్వకండి. లోతు తగ్గినకొద్దీ అడుగుకు వెలుతురు బాగా అందుతుంది. మూత మీద తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి, రోజుకు ఆరేడు గంటలు చాలు. మధ్యలో కరెంటు పోయినా మొక్కకు ఏమీ కాదు. పాపం వెలుతురు తక్కువ కదా అని పన్నెండు గంటలు వేస్తే మటుకు గాజంతా పాచి.

మొదటి మూడు వారాలు మీ గుండె జారిపోతుంది. గాలిలో పెరిగిన పాత ఆకులు పసుపుబారి రాలతాయి. పీకి చూడకండి! కొత్త ఆకులు నీళ్ళకు తగ్గట్టు వేరే రూపంలో వస్తాయి, ఒకోసారి నాలుగు రేకులకు బదులు ఒక్కటే ఉంటుంది. కొన్ని కాడలు నీటి మట్టం దాకా సాగుతాయి. వాటిని మొదట్లోనే కత్తిరిస్తూ ఉంటే తీగ అడుగునే పాకుతుంది. అడుగంతా కప్పడానికి ఆ గదిలో ఆరు నెలలైనా పట్టొచ్చు. బొమ్మలో మఖమలు పచ్చిక రాదు, ముందే చెబుతున్నా. ఎగుడుదిగుడుగా, చెరువు అంచులాగే ఉంటుంది. నాకదే ఇష్టం.

అంతవరకు ఆగలేకపోతే జావా మాస్‌ను పాత స్టీలు జల్లెడ వల మీద దారంతో కట్టి అడుగున పరవండి. చీకటికి అది కూడా తట్టుకుంటుంది గానీ ఏప్రిల్, మే ఎండలకు గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్న విదేశీ మొక్కలు ఎక్కువైతే ఎండబెట్టి చెత్తలో వేయండి, చెరువులో కాదు. గుర్రపుడెక్క కూడా పువ్వు బాగుందని తెచ్చిందే.

చేపలంటారా, ఆరు గప్పీలు చాలు. ఉప్పునీళ్ళు వాటికి పడతాయి. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరైన కొద్దీ ఉప్పు పేరుకుంటుంది కాబట్టి పైపైన నింపి ఊరుకోకుండా బకెట్టు తీసి పోయడం తప్పదు. మిద్దె మీద వాననీళ్ళు ఒక డ్రమ్ము పట్టుకుంటే ఇంకా మేలు. ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్ళు మాత్రం తేకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఒకవేళ ఈ ఏడు చెరువు ఎండి ఉంటే నిరాశపడొద్దు. పగుళ్ళిచ్చిన బురదలో వాడిన తీగల మొదట్లో మిరియమంత గట్టి బుడిపెలు దొరుకుతాయి. చిక్లింతకూర ఏళ్ళ తరబడి కరువును దాటేది వాటిలోనే. పిల్లల నోటికి అందనివ్వకండి. ఒక పక్క గోళ్ళ రేకుతో కాస్త అరగదీసి, పళ్ళెంలో వేలెడు నీళ్ళు పోసి కిటికీలో పెట్టండి. లోపలి జిగురు ఉబ్బి బయటికి రావడం పిల్లలకు చూపించండి. మొలక ఎప్పుడు వచ్చిందో నాకు ఒక కార్డు ముక్క రాయండి.