మురుగు ఒప్పందంలో మా పల్లె సంతకం ఏది?

డెల్టాలో నీళ్ళు రావడం ఒక తగాదా అయితే, నీళ్ళు పోవడం అంతకంటే పెద్ద తగాదా. పై ఊరి చేల మురుగు కింది ఊరి కోడులో పడాలి. కోడు పెద్ద డ్రెయిన్లో కలవాలి. డ్రెయిన్ సముద్రంలో పడాలి. పోటు వేళ సముద్రం ఆ నీళ్ళు తీసుకోదు, వెనక్కి తంతుంది. అందుకే రెండు ఊళ్ళకూ ఒకే తూము ఉన్నచోట సంఘాల పెద్దలు కూచుని ఒప్పందం చేసుకుంటారు. తలుపు ఎప్పుడెత్తాలి, పూడిక ఖర్చు ఎవరిది, అవసరమైతే గట్టుకు గండి ఎక్కడ కొట్టాలి.

ఈ ఆఖరి మాట కాగితం మీదికి రాదు. కాని గండి ఎక్కడ పడుతుందో మాకు తెలుసు. పల్లెకి, పల్లానికి పేరులోనే చుట్టరికం! మొన్నటి తుఫానుకి రాత్రికి రాత్రి గట్టు తెగింది. తెల్లారేసరికి పై ఊరి చేలు తేలాయి, మా పొయ్యిలు మునిగాయి. బళ్ళో మోకాటి లోతు నీళ్ళు. గుడి మండపం ఎత్తుమీదే ఉంది గాని మమ్మల్ని రానివ్వరు. మూడు రోజులు పిల్లల్ని చర్చి అరుగు మీద కూచోబెట్టాం.

అడిగితే ఏమన్నారు? "చేను మునిగితే మీకు మాత్రం కూలెక్కడిది మాస్టారూ?" అన్నారు. నిజమే, చేను మునిగితే కూలి పోతుంది. ఇల్లు మునిగితే కూలితోపాటు బియ్యం, రేషన్ కార్డు, పిల్లల పుస్తకాలు కూడా పోతాయి.

1968లో కృష్ణా గోదావరి డెల్టాకి మురుగు సెస్సు చట్టం వచ్చింది. "సెస్సు కట్టింది మేం, డ్రెయిన్ మాది" అనే మాట ఇప్పటికీ వింటాం. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. రైతులకు అప్పగించారు, మంచిదే. కాని ఓటు ఆయకట్టు భూమికి. కోడులో దిగి గుర్రపుడెక్క లాగేవాడికి, పూడిక తట్ట మోసే ఆడమనిషికి సెంటు భూమి లేకపోతే చెయ్యెత్తే హక్కు లేదు.

1985లో కారంచేడు గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గరే. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని నరికి, గోతాల్లో కుక్కి పడేసింది తుంగభద్ర డ్రెయిన్లోనే. నీళ్ళ సంగతి ఇంజనీర్లకి వదిలెయ్యమని మాకు చెప్పకండి.

మేం ఒప్పందం వద్దనడం లేదు. కర్రలు పట్టుకుని గట్టెక్కేకంటే కూచుని మాట్లాడుకోవడమే మేలు. కాని కోడుగట్టు పక్కన బతికే పల్లె ఆ కాగితంలో మూడో పక్షంగా ఉండాలి. గండి కొట్టే చోటు రాయాలి. ఇల్లు మునిగితే ఎవరిస్తారో, ఎంతిస్తారో ముందే తేల్చాలి. ఆ కాగితం గ్రామసభలో చదవాలి. అక్కడ భూమి లేని ఓటరు కూడా సభ్యుడే.

నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మా గోడల మీద గుర్తులింకా చెరగలేదు. సున్నం వెయ్యకముందే టేపు పెట్టి కొలిచి, ఇంటి మనిషి పేరుతో పుస్తకంలో రాస్తున్నాం. కోడు పక్క పల్లెలన్నీ ఆ పనే చెయ్యండి. సంఘాల మీటింగుకి ఆ పుస్తకాలు పట్టుకుని వెళదాం.