మార్కుల దిగులు

ఉన్నత పాఠశాలలో నూటికి తొంబది తెచ్చిన బిడ్డ, కళాశాలలో భౌతికశాస్త్రపు తొలి పరీక్షయందు నలువది చూచి అన్నము మానుట మన యిండ్లలో క్రొత్త కాదు. అచ్చట సూత్రమును వల్లెవేసిన చాలదు, లెక్కకు అన్వయింపవలెను. పద్ధతి మారినదే గాని బుద్ధి తగ్గలేదని మనము ముందుగా నెరుగవలెను. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము 1968లోనే తొలియేటివారికి మార్కుల శ్రేణులను తీసివైచి, ఉత్తీర్ణతను మాత్రమే లెక్కించెను. పరీక్షకు ముందు పది నిమిషములు తమ దిగులును కాగితముపై వ్రాసికొనిన భయస్థులకు మార్కులు మెరుగయ్యెనని 2011లో షికాగో పరిశోధకులు తెలిపిరి. కావున “ఎన్ని వచ్చినవి?” అనుటకు ముందు “ఏది తెలియలేదు?” అని యడుగుదము. బిడ్డ బ్రదుకుపై విరక్తి పలికినచో ఒంటరిగా విడువక, రేయింబవళ్లు పలుకు 14416 అను ప్రభుత్వ సహాయసంఖ్యకు వెంటనే ఫోను చేయుదము. మార్కులకు మరియొక పరీక్ష యుండును.