సభలో పుట్టిన పాట

రాక్ సంగీతమంటే వట్టి గోల అని పెద్దలు విసుగు చెందుతారు. గోల ఉన్నమాట నిజమే. అయినా ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ బృందం 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో నగరాలలో మూడు రాత్రులు చేసిన కచేరీల నుండి వెలువరించిన ‘మేడ్ ఇన్ జపాన్’ ఆల్బమును ఒకసారి ఆలకించండి. స్టూడియోలో నాలుగున్నర నిమిషాలలో ముగిసిన ‘స్పేస్ ట్రకిన్’ అనే పాట, సభలో దాదాపు 20 నిమిషాలకు పెరిగింది. ఎదుట జనం ఉన్నప్పుడు కళాకారునికి వచ్చే ఊపు అటువంటిది.

మన బుర్రకథకు ఇది కొత్త సంగతి కాదు. పద్మశ్రీ షేక్ నాజర్ (1920-1997) వంటి కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతుంటే, వంతలలో ఒకరు హాస్యమాడతారు, మరొకరు నాటి రాజకీయాన్ని ముచ్చటిస్తారు. ఆ ఛలోక్తికి నవ్వేవారే లేని మూసిన గదిలో రికార్డు చేస్తే కథ మిగులుతుంది గాని, సభ మిగలదు.

కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి తూప్రాను పరిసరాల జానపద కళాకారులను ఆహ్వానించినప్పుడు వారి పాటను సభలోనే, జనం నడుమనే రికార్డు చేయించండి. వెనుక వరుసలోని మన విద్యార్థుల ఈలలు కూడా అందులో పడితే పడనివ్వండి.