సిస్టరమ్మ చదువు

తెలుగు మాస్టారి దగ్గిరికి ఇంగ్లీషు చెప్పమని వచ్చిన మనిషి నా సర్వీసు మొత్తానికి ఒక్కరే. ఆ ఒక్కరూ మా సిస్టరమ్మ.

రెండేళ్ళనాటి మాట. అరకులో వానకాలం. ఈ కొండలమీద వాన పట్టుకుందంటే గొడుగున్నవాడికీ లేనివాడికీ ఆట్టే తేడా వుండదు. ఆవిడ గుమ్మంలో చెప్పులు విడిచి, తడిసిన సంచీలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీసి నా బల్లమీద పెట్టింది.

"మాస్టారూ, మొదటి పాఠం మూడుసార్లు చదివేను. విడివిడిగా మాటలన్నీ తెలిసినవే. కలిపి చదివితే మాత్రం ఏమీ బోధపడ్డంలేదు."

నవ్వొచ్చింది గాని నవ్వలేదు. అంతకు ముందు యేడు మా అమ్మకి జ్వరం ముదిరిన రాత్రి, సెలైను పెడదామంటే నరం దొరకలేదు. ఈవిడ వచ్చి, అమ్మ చెయ్యి కాసేపు తన రెండు చేతుల మధ్యా వెచ్చగా పట్టుకుని కూచుంది. ఆ తరవాత సూది పెట్టింది. అమ్మ మూలగనైనా లేదు.

"అంత పనిచేసే చేతికి మళ్ళీ చదువెందుకమ్మా?" అన్నాను.

"చేతిక్కాదు మాస్టారూ, కాయితానికి," అంది.

ఆ కాయితం సంగతి పాఠకులకి కాస్త విప్పి చెప్పాలి. ఆస్పత్రిలో తెల్లబట్టలు కట్టుకున్న వాళ్ళందర్నీ మనం నర్సమ్మలనే అంటాం. వాళ్ళలో మెట్లున్నాయి. మా సిస్టరమ్మ ఇంటర్ తరవాత జి.ఎన్.ఎం. చదివింది. అది డిప్లొమా. అది పాసయి రిజిస్టరు చేయించుకుంటే నర్సూ, మంత్రసానీ రెండూ అయినట్టే. ఎనిమిదేళ్ళు ఆ పని చేసింది కూడాను. కాని డిప్లొమా డిగ్రీ కాదు. డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగని రెండేళ్ళ చదువు వుంది, మళ్ళీ వెళ్ళి బెంచీమీద కూచోవాలి.

కూచోకపోతే ఏం? 2018లో ఆయుష్మాన్ భారత్ పథకం వచ్చాక ఉపకేంద్రాల్లో డాక్టరుకీ నర్సుకీ మధ్య మెట్టుగా కొత్త ఉద్యోగం ఒకటి పుట్టింది. మన రాష్ట్రంలో దానికి వేసిన ప్రకటనలు బి.ఎస్సీ. నర్సింగునే అడిగాయి. ఈవిడ పుట్టిన కొండ పక్కనే, ఈవిడ భాష మాట్లాడే వూళ్ళకే, అలాంటి ఉద్యోగం పడింది. పల్లపు ప్రాంతంనుంచి ఇరవైమూడేళ్ళ అమ్మాయి వచ్చి చేరింది. మంచి పిల్లే, కష్టపడే పిల్లే. అయితే రోగి చెప్పేది కువిలోనో, ఆదివాసీ ఒరియాలోనో. ఆ పిల్ల ఫోను చేసి, "అక్కా, ఈవిడ ఏమంటోందో కాస్త చెప్పవా?" అని అడిగేది ఎవర్నీ? మా సిస్టరమ్మనే.

నర్సులకి యూనివర్శిటీ చదువనేది మనకి మరీ పాతది కాదు. 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ మొదటిసారి బి.ఎస్సీ. నర్సింగు పెట్టారు. ఉద్యోగంలో వున్న నర్సులు తిరిగివచ్చి డిగ్రీ తెచ్చుకునే రెండేళ్ళ చదువు 1963లో తిరువనంతపురంలో మొదలయింది. ఉద్యోగం వదలకుండా దూరవిద్యలో చదివే దారి తరవాత ఇగ్నో తెరిచింది గాని, దానికీ ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. ఈవిడ రాసింది, సీటు రాలేదు. అంచేత విశాఖపట్నంలో ఒక కాలేజీలో చేరింది. పర్మినెంటు ఉద్యోగం కాదు కనక సెలవన్న మాటే లేదు, రాజీనామాయే. రెండేళ్ళ జీతం పోయె. ఫీజుకి అత్తవారి కాఫీతోట డబ్బు వెళ్ళిపోయె. పిల్లలిద్దర్నీ తల్లి దగ్గిర వదిలి, శనివారం సాయంత్రం అనంతగిరి మలుపులన్నీ ఎక్కి రావడం, ఆదివారం మళ్ళీ దిగడం. ఈ లెక్కంతా విని మా ఆవిడ, "ఆ కాయితం బంగారు రేకా ఏమిటి?" అంది.

నేనూ అప్పట్లో అలాగే అనుకున్నాను. చేతిలో విద్య వున్న మనిషికి ముద్ర వేసుకోడానికి ఇంత శ్రమా అని. నా అభిప్రాయం మారింది కాలేజీలో కాదు, సంతలో.

దసరా సెలవులకి వచ్చిందావిడ. సంతలో రాజ్‌మా గింజల రాశి దగ్గిర ఒక కుటుంబంతో మాట్లాడుతూ కనిపించింది. మొగుడూ, పెళ్ళామూ, ముసలి అత్తగారూ, ఒళ్ళో నాలుగేళ్ళ పిల్లాడు. పిల్లాడికి సికిల్‌సెల్. ఈ కొండల్లో చాలా ఇళ్ళకి తెలిసిన జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోతాయి, సన్న నాళాల్లో అడ్డుపడతాయి, ఒళ్ళంతా నొప్పులు. దీన్ని 2047 నాటికి లేకుండా చెయ్యాలని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. ఆ అత్తగారి వాదం ఏమిటంటే, ఇది కోడలి వంశంనించి వచ్చింది, తమ వంశంలో ఎవరికీ లేదు అని. కోడలు తలొంచుకుని వుంది.

సిస్టరమ్మ రాశిలోంచి నాలుగు గింజలు తీసింది, రెండు ఎర్రవి, రెండు తెల్లవి. మొగుడి చేతిలో ఒక ఎరుపూ ఒక తెలుపూ పెట్టింది. పెళ్ళాం చేతిలోనూ అంతే. మాటలు నాకు తెలియలేదు గాని ఆట తెలిసింది. ఇద్దర్నీ కళ్ళు మూసుకుని చెరొక గింజా ఇవ్వమంది. రెండూ ఎర్రవి పడితే బిడ్డకి ఏమీలేదు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు పడితే అమ్మానాన్నల్లాగే, పైకి జబ్బుండదు, లోపల గింజ వుంటుంది. రెండూ తెల్లవి పడితే జబ్బు. నాలుగు విధాల్లో అది ఒక విధం. ప్రతి కాన్పుకీ పందెం కొత్తగా పడుతుంది. ఒకసారి పడిందిగదా, ఇక మూడుసార్లు పడదులే అనుకోడానికి లేదు. అత్తగారు కొడుకు చేతిలో తెల్లగింజ వంక చాలాసేపు చూసింది. తరవాత పిల్లాణ్ణి కోడలి ఒళ్ళోంచి తను అందుకుంది.

"ఇది ఎనిమిదేళ్ళ నుంచీ తెలుసునా నీకు?" అని అడిగాను దారిలో.

"పరీక్ష చెయ్యడం తెలుసు మాస్టారూ. రక్తపుచుక్క మందునీళ్ళలో వేస్తే మసకబారుతుంది. మసకబారితే పైకి పంపించెయ్యడం. మోసేవాళ్ళకీ జబ్బువాళ్ళకీ కూడా అది అలాగే మసకబారుతుందనీ, విడదియ్యడానికి వేరే పరీక్ష వుందనీ తెలుసును గాని, ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. నన్నూ ఎవరూ అడగలేదు."

ఆ రాత్రి కూచుని కొంత చదివాను. 2003లో లిండా ఐకెన్ అనే ఆవిడా, తోటి పరిశోధకులూ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆస్పత్రుల లెక్కలు తీశారు. డిగ్రీ వున్న నర్సుల పాలు నూటికి 10 ఎక్కువైనచోట, ఆపరేషన్ రోగులు 30 రోజుల్లోగా మరణించే అవకాశం నూటికి 5 వంతున తక్కువగా కనిపించింది. 2014లో యూరప్‌లో 9 దేశాల లెక్క చూస్తే అది 7 అయింది. రెండు అంకెలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలదు, ఆ మాటా ఒప్పుకోవలసిందే. న్యూయార్క్ రాష్ట్రం మాత్రం 2017లో చట్టమే చేసింది, కొత్తగా చేరే నర్సులు పదేళ్ళలోగా డిగ్రీ తెచ్చుకోవాలని. పదేళ్ళు గడువిచ్చారు, చూడండి. పని చేస్తూనే చదువుకో అన్నారు.

నాకు మింగుడుపడనిది ఇక్కడే. ఎనిమిదేళ్ళు కాన్పులు చేసిన మనిషీ, నిన్న గాక మొన్న డిప్లొమా అందుకున్న పిల్లా పక్కపక్క కూచుని అదే రెండేళ్ళు, అవే పాఠాలు. అనుభవానికి ఒక్క నెలైనా తగ్గింపు లేదు. ఇంగ్లీషుకి పరీక్ష వుంది, పాసయి తీరాలి. నాలుగు భాషల్లో రోగిని పలకరించగలిగిన విద్యకి ఏ గడిలోనూ చోటులేదు. తెలుగు మాస్టారి కడుపుమంట అనుకుంటే అనుకోండి.

డిగ్రీ వచ్చాక కొండకే వస్తుందా? క్లాసులో సగంమంది సాయంత్రాలు జర్మన్ భాష నేర్చుకుంటున్నారని తనే చెప్పింది. తన సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాఫీతోట అప్పులు మనిషిని ఎటైనా నడిపిస్తాయి.

ఇప్పుడు రెండో యేడు. ఈ యేడు పరిశోధన, గణాంకాలూ పాఠం వుంది. దానికో చిన్న ప్రాజెక్టు చెయ్యాలి. కాన్పుకి ఆస్పత్రికి రావడం ఎందుకు ఆలస్యమవుతోందన్నది ఈవిడ తీసుకున్న విషయం. మొన్న ఆదివారం ప్రశ్నల కాయితం పట్టుకుని వచ్చింది. ఇంగ్లీషు ప్రశ్నల్ని ఇద్దరం కూచుని తెలుగు చేశాం. తరవాత ఆవిడ కువి చేసింది, తెలుగు అక్షరాల్లో రాస్తూ. ఒకచోట కలం ఆగింది. ఆ మాటలో గొంతు చటుక్కున మూసి తెరిచే ధ్వని ఒకటుంది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఎం.ఏ. తెలుగు చదివినవాణ్ణి, గిడుగువారు ఈ కొండల వరసలోనే సవర భాష కోసం ఇలాంటి తిప్పలే పడ్డారని ఉపన్యాసం ఇవ్వగలను గాని, అక్షరం ఇవ్వలేకపోయాను. చివరికి ఆవిడే అక్షరం పక్కన చిన్న నిలువుగీత గీసింది.

"ఇలా వుంచుదామా మాస్టారూ?"

"వుంచు."

సరిగ్గా వుందో లేదో చూద్దామని వరండాలోకి వెళ్ళి, సిగ్నలు దొరికేచోట నిలబడి, వూళ్ళో వున్న తల్లికి ఫోనుచేసి ఆ ప్రశ్న చదివి వినిపించింది. అవతలనుంచి చాలాసేపు మాట. సిస్టరమ్మ మొహం మారింది.

"ఏమ్మా, తప్పొచ్చిందా?" అన్నాను.

"లేదు మాస్టారూ. మాట సరిగ్గా వుందా అని అడిగితే ప్రశ్నకి జవాబు చెబుతోంది. నేను పుట్టినప్పుడు గెడ్డ పొంగిందిట. డోలీ కట్టినవాళ్ళు ఇవతలి ఒడ్డున రాత్రంతా కూచున్నారుట. నాకెప్పుడూ చెప్పలేదు," అంటూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కలం ఇలా ఇమ్మని నావైపు చెయ్యి చాపింది.